కోర్టు మెట్లెక్కక ముందే



సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలలోను, పైన సూర్యాపేట వైపు పల్లెలలోను సేవ చేస్తున్న మాకు ఆదివారం పని ఆరాధనతో ముగియదు. ఆశీర్వాదం అయి అందరూ ఇళ్లకు బయలుదేరిన తరువాత ఎవరో ఒకరు గోడ పక్కన నిలబడి ఉంటారు. "అయ్యగారూ, మీతో ఒక సంగతి మాట్లాడాలె" అంటారు. ఆ సంగతి గెట్టు గురించి కావచ్చు, కాలువ నీళ్ల గురించి కావచ్చు, అన్నదమ్ముల పంపకాల గురించి కావచ్చు, పుట్టింటికి తిరిగి వచ్చిన బిడ్డ గురించి కావచ్చు. చివరకు అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే: "కేసు వెయ్యమంటరా, వద్దంటరా?"

ఈ నెల ఆ ప్రశ్నను గురించే కలిసి ఆలోచిద్దాం.

కోర్టుకు పోవడమే పాపమని మేము చెప్పబోవడం లేదు. అపొస్తలుడైన పౌలు రోమా పౌరునిగా తనకున్న హక్కును వాడుకొని కైసరు ఎదుట విచారణ కావాలని కోరుకున్నాడు. న్యాయస్థానాలు ఉండబట్టే బలవంతుని చేతిలో బలహీనుడు నలిగిపోకుండా ఉన్నాడు. అయితే ప్రతి తగాదాకూ అదే మొదటి మెట్టు కానక్కరలేదు. ఆ భూమి ఎవరిదో కోర్టు తేల్చి చెప్పగలదు. తీర్పు వచ్చిన మరునాడు అన్నదమ్ములిద్దరూ ఒకే బోరు దగ్గర ఎలా నిలబడాలో మాత్రం కోర్టు చెప్పలేదు. ఆ రెండవ పని మధ్యవర్తిది. అది ఎలా చేయాలి, ఎక్కడ చేయకూడదు అన్నదే ఈ వ్యాసం.

నీళ్లు వచ్చాయి, తగాదాలూ వచ్చాయి

1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జున సాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలారు. జొన్న, సజ్జ, ఆముదం పండే చెలకలు వరి మడులైనాయి. మిర్యాలగూడ చుట్టూ రైసు మిల్లులు లేచాయి. ఎకరానికి ధర పెరిగింది. అడుగు వెడల్పు గెట్టును తాతలు పట్టించుకోలేదు గాని, ఈనాడు ఆ అడుగుకూ లెక్క కట్టవలసి వచ్చింది.

దానికితోడు కాలువ మొదట్లో పొలం ఉన్నవానికీ, చివర ఉన్నవానికీ మధ్య తగాదా ఏటా కొత్తగా పుడుతుంది. తూము దగ్గరివాడు మడి నింపుకొని నిద్రపోతాడు. చివరి భూమివాడు పొట్ట మీదున్న పైరును చూసుకొంటూ రాత్రంతా గట్టు మీద కూర్చుంటాడు. తెల్లవారేసరికి మాట మాట పెరుగుతుంది. పార లేస్తుంది. మధ్యాహ్నానికి ఇద్దరూ పోలీసు స్టేషను బయట ఉంటారు.

అక్కడినుంచి కోర్టు. కోర్టు అంటే వాయిదాలు. మన దేశంలో జిల్లా కోర్టులలో, వాటి కింది కోర్టులలో ఎదురుచూస్తున్న కేసులు 4 కోట్లు దాటాయి. అందులో మన కేసు ఒకటి. ఒక్కొక్క వాయిదాకు బస్సు చార్జీ, వకీలు ఫీజు, ఆ రోజు కూలి పోతాయి. తండ్రి వేసిన దావాను కొడుకు నడిపించవలసి వచ్చిన ఇళ్లు మన ఊళ్లలో లేకపోలేదు. డబ్బు నష్టం ఒక ఎత్తు. పెండ్లికి పిలుపు లేదు, చావుకు రాక లేదు, ప్రభువు బల్ల దగ్గర ఒకడు ముందు వరుసలో ఉంటే రెండవవాడు బయట చెప్పుల దగ్గర ఆగిపోతాడు. ఈ నష్టానికి ఏ కోర్టూ పరిహారం ఇప్పించలేదు.

ఇరవై ఏండ్ల కేసు, తెలుగులో నాలుగు మాటలు

2021 జూలైలో ఢిల్లీలో సుప్రీంకోర్టు ముందుకు ఒక తెలుగు దంపతుల కేసు వచ్చింది. గుంటూరు ప్రాంతంవారు. 1998లో పెండ్లి అయింది. కొద్దికాలానికే మనస్పర్థలు వచ్చి, 2001లో భార్య వేధింపుల కేసు పెట్టింది. కింది కోర్టు శిక్ష వేసింది, హైకోర్టు ఆ శిక్షను తగ్గించింది. భర్తకు శిక్ష పెంచాలని ఆమె సుప్రీంకోర్టుకు వచ్చింది. అప్పటికి ఇరవై ఏండ్లు గడిచాయి.

ఆనాడు ప్రధాన న్యాయమూర్తి స్థానంలో ఉన్నది మన తెలుగువారు, జస్టిస్ ఎన్.వి. రమణగారు. ఇంగ్లీషులో మాట్లాడడానికి ఆమె ఇబ్బంది పడడం చూసి తెలుగులోనే చెప్పమన్నారు. ఆమె చెప్పింది విన్నారు. తరువాత తెలుగులోనే ఒక సంగతి వివరించారు: భర్త జైలుకు పోతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే నెలనెలా వచ్చే భరణం కూడా పోతుంది. ఆమె ఆలోచించింది. భర్త ఆమెనూ కుమారునీ చూసుకొంటే కలిసి ఉండడానికి సిద్ధమేనని చెప్పింది. ఇద్దరూ ఆ మేరకు ప్రమాణపత్రాలు దాఖలు చేయాలని న్యాయస్థానం ఆదేశించింది.

ఈ సంగతిలో మనం గమనించవలసినవి మూడు. మొదటిది, ఆమె తన భాషలో మాట్లాడింది. రెండవది, ఆమె చెప్పేదాకా ఎదుటివారు విన్నారు. మూడవది, గెలిస్తే ఏమవుతుందో ఎవరో ఒకరు దాచకుండా చెప్పారు. నిర్ణయం మాత్రం ఆమె నోటినుంచే వచ్చింది. ఈ మూడూ చేయడానికి సుప్రీంకోర్టు దాకా పోనక్కరలేదు. మన ఊరి మందిరం వసారాలో చాపలు పరచుకొని కూడా చేయవచ్చు. చేసి ఉంటే ఇరవై ఏండ్లు మిగిలేవి కావా?

పంచాయితీ వేరు, మధ్యవర్తిత్వం వేరు

"మాకు తెలియనిదేముంది అయ్యగారూ, పెద్దమనుషుల్లో పెట్టినం గద" అని కొందరు అంటారు. ఇక్కడ కాస్త నిదానించాలి. పల్లెల్లో జరిగే పెద్దమనుషుల పంచాయితీకీ, మేము చెబుతున్న మధ్యవర్తిత్వానికీ చాలా భేదం ఉన్నది.

పంచాయితీలో రెండు పక్షాల దగ్గరా ముందే డిపాజిట్ పెట్టించుకొంటారు. మాట తప్పినవాని డిపాజిట్ పోతుంది. పెద్దమనుషులు విని, లోపలికి పోయి మాట్లాడుకొని, బయటకు వచ్చి తీర్పు చెబుతారు. తప్పు వేస్తారు. ఆ తీర్పులో మంచి ఉండవచ్చు, లేకపోవచ్చు. కులబలం, ధనబలం, పార్టీ బలం ఉన్నవానివైపు త్రాసు మొగ్గడం అందరూ చూస్తున్నదే. ఆడబిడ్డ అయితే ఆ గుంపులో నోరు విప్పడమే కష్టం.

మధ్యవర్తి తీర్పు చెప్పడు. తప్పు వేయడు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, వారంతట వారే ఒక ఒప్పుకోలుకు వచ్చేదాకా సహాయం చేస్తాడు. ఇష్టం లేనివాడు ఎప్పుడైనా లేచి వెళ్లవచ్చు. వెళ్లినందుకు శిక్ష లేదు.

ప్రభువు జీవితంలోనే దీనికి ఒక మాదిరి ఉన్నది. లూకా సువార్త 12వ అధ్యాయంలో ఒకడు వచ్చి, పిత్రార్జితంలో నా పాలు పంచి ఇమ్మని మా అన్నతో చెప్పుమని అడిగాడు. ప్రభువు తీర్పరిగా కూర్చోవడానికి ఒప్పుకోలేదు. దానికి బదులు తగాదాకు వేరు ఎక్కడున్నదో చూపించాడు. ఆ వేరు పేరు లోభం. భూమి కొలవడం సులభం, మనసులోని ఆశను కొలవడం కష్టం. మంచి మధ్యవర్తి ఆ కష్టమైన పనికే పూనుకొంటాడు.

రెండు రాష్ట్రాలైనా, రెండు మడులైనా

2021 ఆగస్టు 2న ఇంకొక తగాదా జస్టిస్ రమణగారి ముందుకే వచ్చింది. ఇది మన నీటి తగాదా. శ్రీశైలంలోను, సాగర్‌లోను తెలంగాణ విద్యుత్తు కోసం నీటిని వాడుతున్నదని ఆంధ్రప్రదేశ్ ఫిర్యాదు చేసింది. తాను రెండు రాష్ట్రాలకూ చెందినవాడినని, చట్టప్రకారం తాను తీర్పు చెప్పడం కన్న మధ్యవర్తిత్వం ద్వారా పరిష్కరించుకోవడం మంచిదని ఆయన సలహా ఇచ్చారు. రెండు రోజుల తరువాత, తమకు న్యాయస్థానం తీర్పే కావాలని ఆంధ్రప్రదేశ్ తెలిపింది. ఆయన బలవంతపెట్టలేదు. కేసును మరొక ధర్మాసనానికి పంపించారు.

అలా కోరడం ఆ రాష్ట్రానికి ఉన్న హక్కు. మధ్యవర్తిత్వంలో మొదటి నియమం ఇదే. ఒకడు వద్దంటే అది ఆగిపోవాలి.

2023 నవంబరు 30న, తెలంగాణలో శాసనసభ ఎన్నికల పోలింగు నాడు, సాగర్ డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలిచిన దృశ్యం అందరం చూశాం. ఆనాడు కేంద్ర హోం శాఖ ఇరువైపులవారితో మాట్లాడి, నవంబరు 28 నాటి స్థితికి తిరిగి పోవడానికి ఒప్పించింది. డ్యాం కాపలాను కేంద్ర రిజర్వు పోలీసు దళానికి అప్పగించారు. తగాదా తీరలేదు గాని ఆ పూట రక్తపాతం తప్పింది. ఒక్కొక్కసారి మధ్యవర్తి చేయగలిగింది అంతే. ముందు చేతులలోని కర్రలు కింద పెట్టించాలి, మాటలు తరువాత.

ఆదికాండము 26వ అధ్యాయంలో ఇస్సాకు కథ మన కాలువ గట్టు మీద జరిగినట్టే ఉంటుంది. గెరారు లోయలో ఇస్సాకు దాసులు బావి త్రవ్వారు. అక్కడి కాపరులు ఆ నీళ్లు మావన్నారు. ఆ బావికి ఏశెకు అని పేరు పెట్టి ముందుకు పోయారు. రెండవ బావికీ తగాదా వచ్చింది, దానికి శిత్నా అని పేరు. మూడవ బావి దగ్గర తగాదా లేదు. దానికి రహెబోతు, అంటే ఎడము, అని పేరు పెట్టారు. ఆ తరువాత గెరారు రాజు తానే వచ్చి ఇస్సాకుతో నిబంధన చేసుకొన్నాడు. ఇద్దరూ కలిసి భోజనం చేశారు, ప్రమాణం చేసుకొన్నారు, సమాధానంతో విడిపోయారు. ఇస్సాకు ఊరికే వదిలిపెట్టుకొంటూ పోయాడని మాత్రమే మనం చదువుతాం. చివరకు మాట ఖాయం చేసుకొన్నాడని మరచిపోతాం. రెండూ కావాలి.

మన కాలువల మీద కూడా ఇలాంటి ఏర్పాటు కొత్త కాదు. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన చట్టం ద్వారా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. నీటిని వంతులవారీగా పంచుకోవడం, తగాదా వస్తే మొదట రైతుల కమిటీలోనే తేల్చుకోవడం దాని ఉద్దేశం. వారబందీ కాగితం మీద ఎవరి వంతు ఏ రోజు, ఏ గంటనుంచి ఏ గంటదాకా అని రాసి తూము దగ్గర అందరూ చూసేలా పెట్టుకొన్న చోట పారలు లేవవలసిన పని ఉండదు.

ఎలా కూర్చోవాలి?

ఇలాంటి తగాదా ఒకటి ఊహించుకొందాం. అన్నదమ్ములిద్దరు. తండ్రి పోయాడు. రోడ్డు పక్కనున్న అరెకరం నాకే కావాలని తమ్ముడు పట్టుబట్టాడు. "పెద్దోన్ని నేనుండగ రోడ్డు మడి నీకెట్ల ఇస్తరా?" అని అన్న. నెల రోజులుగా మాటలు లేవు.

మొదట, మధ్యవర్తి ఎవరు? ఇద్దరూ ఒప్పుకొన్నవాడు కావాలి. ఇద్దరిలో ఒకనికి అప్పిచ్చినవాడు, ఒకని వియ్యంకుడు, రేపు ఓట్లకు వచ్చేవాడు పనికిరాడు. కాపరి అయినా సరే, ఒక ఇంటికి మరీ దగ్గరివాడైతే తప్పుకొని పక్క ఊరి పెద్దను పిలవడం మంచిది. తగాదాలో స్త్రీ ఉంటే మధ్యవర్తులలో ఒక స్త్రీ తప్పక ఉండాలి.

రెండవది, ముందు విడివిడిగా వినాలి. అన్న ఇంటికి పోయి ఒక పూట, తమ్ముని ఇంటికి పోయి ఒక పూట. నలుగురిలో చెప్పలేని మాట అక్కడ బయటపడుతుంది. ఒకరు చెప్పింది వారి అనుమతి లేకుండా రెండవవారికి చేరవేయరాదు. కోర్టు ద్వారా జరిగే మధ్యవర్తిత్వంలోనూ ఇదే నియమం. అక్కడ మాట్లాడినది తరువాత విచారణలో సాక్ష్యంగా వాడకూడదు.

మూడవది, కలిసి కూర్చున్నప్పుడు ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డు రాకూడదు. పాత సంగతులన్నీ తవ్వడం మొదలైతే, "తమ్మీ, ఇయ్యాల భూమి సంగతే మాట్లాడుకుందాం" అని మెల్లగా దారికి తేవాలి.

నాలుగవది, అన్నిటికన్న ముఖ్యమైనది. అడిగేది వేరు, కావలసింది వేరు. తమ్ముడు రోడ్డు మడి అడుగుతున్నాడు. ఎందుకని అడిగి చూడండి. "వెనక మడికి ట్రాక్టర్ పోవాలంటే అన్న పొలంలకెళ్లే పోవాలె. రేపు వదిన వద్దంటే నా గతేంది?" అంటాడు. అతనికి కావలసింది రోడ్డు మడి కాదు, బాట. అన్న ఎందుకు ఇవ్వనంటున్నాడు? ఆ మడిలో తండ్రి సమాధి ఉన్నది. ఈ రెండు సంగతులు బయటకు వచ్చిన తరువాత పన్నెండడుగుల బాట ఎటు తీయాలో ఇద్దరూ కలిసి గట్టు మీద నడిచి చూసుకొంటారు. కోర్టు అడిగినదాని మీదనే తీర్పు చెబుతుంది. కావలసినది ఏమిటో తెలుసుకోవడానికి ఇలా కూర్చోవాలి.

ఐదవది, ఒప్పుకొన్నది స్పష్టంగా ఉండాలి. "అన్న తమ్ముని మంచిగ చూసుకోవాలె" అన్నది ఒప్పందం కాదు. బాట ఎన్ని అడుగులు, ఎక్కడినుంచి ఎక్కడికి, కొలిచే ఖర్చు ఎవరిది, ఏ తేదీలోపల అని రాయాలి.

నేరం చేసినవానికీ నష్టపోయినవానికీ మధ్య కూడా ఇలాంటి కలయిక సాధ్యమని మన తోటి విశ్వాసులు చూపించారు. 1974లో కెనడాలోని ఒంటారియోలో ఇద్దరు యువకులు ఒక్క రాత్రిలో 22 చోట్ల ఇండ్లూ వాహనాలూ మొదలైనవి పాడుచేశారు. మార్క్ యాంట్జీ అనే మెన్నోనైటు విశ్వాసి అక్కడ ప్రొబేషన్ అధికారి. నష్టపోయినవారి ఇంటింటికి ఆ ఇద్దరినీ తీసుకొనిపోతే మేలని ఆయన చేసిన సూచనకు జడ్జి ఒప్పుకొన్నారు. వాళ్లు ప్రతి తలుపూ తట్టారు, తాము చేసింది ఒప్పుకొన్నారు, నష్టం కట్టారు. ఆనాటి ఆ చిన్న ప్రయత్నమే తరువాత ఎన్నో దేశాలకు మాదిరి అయింది. మన దేవరకొండ వైపున్న మెన్నోనైట్ బ్రదరన్ సంఘాలవారికి ఈ సంప్రదాయం బంధువే.

రాసుకొన్న కాగితానికి విలువ ఉండాలంటే

మన ఊళ్లలో రాజీ చెడిపోయేది చాలాసార్లు కాగితం దగ్గరే. స్టాంపు కాగితం మీద రాసి, నలుగురు సంతకాలు పెట్టి, పెట్టెలో పెట్టుకొంటే సరిపోయిందనుకొంటారు. పదేండ్ల తరువాత కొడుకు ఆ కాగితం తీస్తే అది చెల్లదంటారు.

అందుకే రాజీకి చట్టం ముద్ర వేయించుకోవాలి. దానికి సులభమైన దారి లోక్ అదాలత్. 1982 మార్చిలో గుజరాత్‌లోని ఊనాలో మొదటి లోక్ అదాలత్ జరిగింది. 1987లో చేసిన న్యాయ సేవల సంస్థల చట్టం 1995 నవంబరు 9నుంచి అమలులోకి వచ్చి దానికి బలం ఇచ్చింది. ఇద్దరూ ఒప్పుకొన్న రాజీని లోక్ అదాలత్ అవార్డుగా రాసి ఇస్తే, అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దాని మీద అప్పీలు లేదు. కోర్టులో ఉన్న కేసు అక్కడ తీరితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. ఇంకా కేసు వేయని తగాదాను కూడా అక్కడికి తీసుకొనిపోవచ్చు. రాజీ కుదరకపోతే నష్టమేమీ లేదు, కేసు తిరిగి కోర్టుకే పోతుంది.

సూర్యాపేట 2016 అక్టోబరు 11న జిల్లా అయింది. 2022 జూన్ 2న కొత్త జిల్లాలకు జిల్లా కోర్టులు వచ్చాయి. కనుక ఆ ప్రాంతంవారు ఇప్పుడు జిల్లా న్యాయ సేవల సంస్థ కోసం నల్లగొండ దాకా పోనక్కరలేదు. దగ్గరి కోర్టు ఆవరణలో అడిగినా దారి చెబుతారు. 15100 నంబరుకు ఫోను చేసినా సరే. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. బి.సి.-సి సర్టిఫికెట్టు ఉన్న మన కుటుంబాలలోని పురుషులు ఆదాయ పరిమితి కింద ఈ సహాయం అడగవచ్చు.

2023లో పార్లమెంటు మధ్యవర్తిత్వ చట్టం చేసింది. ఇరుగుపొరుగు మధ్య, కుటుంబాల మధ్య శాంతిని చెరిపే తగాదాలకు ముగ్గురు మధ్యవర్తుల బృందాన్ని ఏర్పాటు చేసే అధ్యాయం అందులో ఉన్నది. ఆ చట్టాన్ని విడతలవారీగా అమలు చేయడం 2023 అక్టోబరు 9న మొదలైంది. మీ ప్రాంతంలో ఏది అమలులో ఉన్నదో న్యాయ సేవల సంస్థలో అడిగి తెలుసుకోండి.

రెండు సంగతులు క్రైస్తవ కుటుంబాలు ముఖ్యంగా జ్ఞాపకం ఉంచుకోవాలి. ఒకటి, పంపకాలు. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. వీలునామా రాయకుండా భర్త చనిపోతే, ఆయన ఆస్తిలో మూడవ వంతు భార్యకు, మిగిలిన రెండు వంతులు పిల్లలకు. ఆ పిల్లలలో కొడుకు, కూతురు అనే భేదం లేదు. "ఆడపిల్లకు కట్నం ఇచ్చినం గద" అని చెల్లెలిని పిలవకుండానే అన్నదమ్ములు రాసుకొన్న రాజీ, రాజీ కాదు. ఆమెను చాప మీద కూర్చోబెట్టి అడగాలి. తన ఇష్టంతో వదులుకొంటే అది ఆమె దయ, అడగకుండా తీసుకొంటే అది అన్యాయం. పంచుకొన్నది చట్టప్రకారం రిజిస్టరు చేయించి పాసుపుస్తకంలోకి ఎక్కించుకొనేదాకా పని పూర్తి కాలేదని గుర్తుంచుకోవాలి.

రెండవది, విడాకులు. పెద్దమనుషుల ముందు, కొన్నిచోట్ల సంఘ పెద్దల ముందు కూడా, "ఇక మాకూ మీకూ సంబంధం లేదు" అని కాగితం రాసుకొంటారు. ఆ కాగితంతో వివాహం రద్దు కాదు. క్రైస్తవ వివాహానికి 1869 నాటి విడాకుల చట్టం కింద కోర్టు డిక్రీ ఒక్కటే మార్గం. పరస్పర అంగీకారంతో విడిపోయే వీలును 2001లో ఆ చట్టంలో చేర్చారు. ఈ సంగతి తెలియక మళ్లీ పెండ్లి చేసుకొని చిక్కుల్లో పడినవారి కన్నీళ్లకు ఆ కాగితం రాసినవారే జవాబుదారులు.

రాజీ పడకూడనివి

ఇంతవరకు రాజీ మంచిదని చెప్పాం. ఇప్పుడు అంతే గట్టిగా ఇంకొక మాట చెప్పాలి. రాజీ చేయకూడనివి ఉన్నాయి.

చిన్నపిల్లల మీద అత్యాచారం, హత్య, కులం పేరున దాడి, ఇలాంటివి పెద్దమనుషుల చాప మీదికి రావలసినవి కావు. చట్టం కొన్ని చిన్న నేరాలను మాత్రమే ఇరుపక్షాలు రాజీ చేసుకోవడానికి అనుమతిస్తుంది. 2024 జూలై 1నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 359వ సెక్షను వాటి పట్టిక ఇస్తుంది. ఆ పట్టికలో లేని నేరాన్ని డబ్బిచ్చి మాపడం సమాధానం కాదు, అది నేరాన్ని కప్పిపుచ్చడం. "పరువు పోతది, సంఘం పేరు పోతది" అని బాలిక నోరు మూయించే పెద్దమనిషి ఆమెను రెండవసారి గాయపరుస్తున్నాడు.

మిర్యాలగూడ దీనిని మరువలేదు. 2018 సెప్టెంబరు 14న కులం దాటి పెండ్లి చేసుకొన్న ఒక యువకుణ్ణి, గర్భవతియైన భార్య కళ్లెదుటే, ఆసుపత్రి బయట పట్టపగలు నరికి చంపించారు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఆ కేసులో ఒకనికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించింది. అలాంటిచోట న్యాయం చేయవలసింది కోర్టే. సంఘం చేయవలసింది బాధితుల పక్కన నిలబడడం, సాక్ష్యం చెప్పేవానికి ధైర్యం ఇవ్వడం. మధ్యవర్తి పని ఉంటే అది హత్యకు ముందు, పెండ్లి సంగతి తెలిసి రెండు ఇండ్లలో పొయ్యి వెలగని ఆ మొదటి వారంలో.

భార్యను కొట్టే ఇంట్లోనూ జాగ్రత్త కావాలి. మొదట ఆమెకు ప్రాణరక్షణ. ఆమె భయం లేకుండా మాట్లాడగల చోటు దొరికిన తరువాతనే, అదీ ఆమె కోరితేనే, ఏ మాటలైనా. "సర్దుకొని పో అమ్మా" అని తిరిగి పంపడం సులభమే. రేపు జరగరానిది జరిగితే ఆ సులభమైన మాటకు లెక్క చెప్పవలసి ఉంటుంది.

ఒకటే కొలత. ఇద్దరూ భయం లేకుండా "వద్దు" అనగలరా? అనగలిగితే కూర్చోబెట్టండి. ఒకరు అనలేకపోతే కోర్టుకూ పోలీసులకూ దారి చూపండి.

మన సంఘాలలో చేయగలిగినది

కొరింథీ సంఘంలో సహోదరులు ఒకరిపైనొకరు వ్యాజ్యానికి పోతున్నారని విని పౌలు నొచ్చుకొన్నాడు. ఇద్దరి మధ్య సంగతి తేల్చగల వివేకి మీలో ఒక్కడైనా లేడా అన్నది ఆయన బాధ. ఆ బాధ ఈనాటి సంఘాలకూ తగులుతుంది. సంఘ ఆస్తుల మీద, కమిటీ ఎన్నికల మీద, మందిరం తాళం చెవుల మీద మనవారే కోర్టుల్లో ఉండగా, ఊరివారి తగాదా మనం తీర్చుతామంటే ఎవరు నమ్ముతారు? మొదలు ఇంట్లోనే పెట్టాలి.

మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు చూపిన వరుస అందరికీ తెలుసు. ముందు ఒంటరిగా పోయి మాట్లాడాలి, తరువాత ఒకరిద్దరిని వెంటబెట్టుకొని పోవాలి, ఆ తరువాతనే సంఘానికి చెప్పాలి. మనం తరచుగా దీనిని తలక్రిందులు చేస్తాం. ముందు ఊరంతా చెబుతాం, తరువాత వకీలుకు చెబుతాం, చివరకు కూడా ఆ మనిషితో మాత్రం మాట్లాడం.

ప్రతి సంఘమూ ఈ సంవత్సరం ముగ్గురిని ఏర్పరచుకోవచ్చు. అందులో ఒకరు స్త్రీల సమాజంనుంచి కావాలి. చదువు ఎక్కువ ఉండనక్కరలేదు. నోటిలో నీళ్లు నిలిచేవారు, ఎవరిదగ్గరా డబ్బు ముట్టనివారు, ఓపికగా వినేవారు కావాలి. వారు ఒకసారి న్యాయ సేవల సంస్థకు వెళ్లి లోక్ అదాలత్ ఎప్పుడు, ఏ కాగితాలు కావాలి, ఏవి వారి చేతిలో లేవు అన్నది తెలుసుకొని రావాలి. నాట్లకు ముందే, నీటి వంతులు పెట్టుకొనే నెలలోనే, కాలువ మీది రైతులతో ఒక పూట కూర్చోవాలి. ఆ కూర్చోవడానికి మతం అడ్డు రాదు. తూము దగ్గర అందరి మడీ ఒకటే.

మధ్యవర్తి పని ఖర్చుతో కూడినదని కూడా తెలిసి ముందుకు రావాలి. పారిపోయిన దాసుడు ఒనేసిమును యజమాని ఫిలేమోను దగ్గరకు తిరిగి పంపుతూ పౌలు ఉత్తరం మాత్రమే రాయలేదు. ఒనేసిము వల్ల ఏమైనా నష్టం ఉంటే అది తన లెక్కలో వేయమని, తానే తీర్చుతానని తన చేతితో రాసి ఇచ్చాడు. ఇద్దరినీ కలపాలనుకొన్నవాడు కొంత భారం తన మీద వేసుకొన్నాడు. మన విషయంలో ఆ భారం ఒక పూట కూలి కావచ్చు, రెండు పక్షాలవారి మాటలూ పడడం కావచ్చు, కుదరని రాజీ కోసం పదిసార్లు తిరగడం కావచ్చు.

ఈ పత్రిక మీ చేతికి వచ్చిన నాటికి మీకు ఎవరితోనైనా మాటలు లేకపోతే, వారి ఇంటికి వెళ్లడానికి వకీలు అక్కరలేదు, స్టాంపు కాగితం అక్కరలేదు. పొద్దుగూకిన తరువాత, పశువులు ఇల్లు చేరిన తరువాత, కోపం చల్లారిన వేళ చూసి వెళ్లండి. వెళ్లేటప్పుడు మీ హక్కు ఏమిటో ఒక కాగితం మీద రాసుకొని జేబులో పెట్టుకోండి. వారికి ఏమి కావాలో ముందు వారినే అడగండి.